ఆకాశరామన్న నంబరు

పొద్దున పదింటికి తలుపులు తీసి, దినపత్రికల్ని పెద్దబల్ల మీద పరిచి, కుర్చీల మీద దుమ్ము దులిపేలోగానే కనకలక్ష్మికి మొదటి పిలుపు వచ్చేస్తుంది.

“అక్కా, నీ నెంబరు కొట్టాను. ఓటీపీ చెప్పు.”

కనకలక్ష్మి గుడ్డ పక్కన పడేసి, కొంగుకు చెయ్యి తుడుచుకుని, ఫోను పట్టుకుని వరండాలోకి వెళుతుంది. లోపల సిగ్నల్ ఉండదు. కూచిమెరక గ్రంథాలయం గోడలు రెండడుగుల మందం. వానకీ ఎండకీ లొంగకూడదని పాతకాలంలో అలా కట్టించారు గాని, ముందు ముందు మెసేజిలు కూడా లోపలికి రాకుండా పోతాయని పాపం వాళ్లకేం తెలుసు. వరండా మెట్ల మీద నిలబడి ఫోను కాస్త పైకెత్తితే టింగుమని మోగుతుంది. “ఏడు, సున్నా, డబుల్ టూ” అని అక్కణ్నుంచే కేకేస్తుంది. నిశ్శబ్దం పాటించండి అని బోర్డు రాసి తగిలించిందీ ఆవిడే, రోజుకు ఇరవైసార్లు కేకలు పెట్టేదీ ఆవిడే.

పామర్రు నుంచి చల్లపల్లి పోయే దారికి కాస్త లోపలగా ఉంటుంది కూచిమెరక. అక్కడి గ్రంథాలయానికి ఉచిత వైఫై వచ్చి రెండేళ్లయింది. ఫోన్లో దాని పేరు నొక్కితే తెల్లటి పేజీ ఒకటి దానంతటదే తెరుచుకుంటుంది. అందులో ఫోన్ నంబరు కొట్టాలి. ఆ నంబరుకు మెసేజిలో నాలుగంకెలు వస్తాయి. ఆ అంకెల్ని తిరిగి పేజీలో కొట్టి, కింద గడిలో టిక్కు పెడితే అరగంటసేపు ఇంటర్నెట్టు వస్తుంది. అరగంట అవగానే మళ్లీ మొదటికొస్తుంది వ్యవహారం.

వినడానికి ఇంత సులువైన ఏర్పాటు మరొకటి లేదు. కాకపోతే రీచార్జి అయిపోయిన ఫోనుకు ఆ మెసేజి రాదు. మెసేజి రాకపోతే అంకెల్లేవు, అంకెలు లేకపోతే వైఫై లేదు. రీచార్జి ఉన్నవాడికి ఈ ఉచిత వైఫైతో పనిలేదు, పనున్నవాడికి రీచార్జి లేదు. ఇంత చక్కటి మెలిక పెట్టినవాడు ఏ ఏసీ గదిలో కూర్చుని పెట్టాడో గాని, దాన్ని విప్పే పని మాత్రం కాంట్రాక్టు అటెండరు కనకలక్ష్మి మీద పడింది. పింఛను వివరాలు చూసుకోవాలని వచ్చిన ఒక ముసలాయన అదే పేజీని అరగంటసేపు దిగాలుగా చూస్తూ కూర్చుంటే చూడలేక, “నా నంబరు కొట్టండి బాబాయ్ గారూ” అంది. ఆ తరవాత ఊరంతా అదే నంబరు కొట్టడం మొదలుపెట్టింది. పరీక్షల పిల్లలు, హాల్‌టికెట్లవాళ్లు, ధాన్యం ధర చూసుకునే రైతులు, అందరికీ అదే నంబరు. ఓటీపీ అక్క అని పేరు కూడా పెట్టేశారు.

అలాగని ఆవిడ అమాయకురాలేం కాదు. బ్యాంకు ఓటీపీ మొగుడికి కూడా చెప్పదు. కానీ ఇది లైబ్రరీ ఓటీపీ. దాహమని వచ్చినవాడికి కుండలో నీళ్లు ముంచిచ్చినట్టే దీన్నీ ఇచ్చేది. కుండ దగ్గర ఎవరు నీళ్లు తాగారో రాసి పెట్టుకునేవాడు ఒకడుంటాడని ఆవిడకు తోచలేదు.

శుక్రవారం మధ్యాహ్నం తపాలాలో జిల్లా ఆఫీసు కవరు వచ్చింది. గ్రంథపాలకుడి పోస్టు మూడేళ్లుగా ఖాళీ కాబట్టి కవర్లన్నీ ఆవిడే విప్పుతుంది. ఈ కవరు మీద మాత్రం ఆవిడ పేరే ఉంది. నిలబడే చదివింది.

‘గ్రంథాలయ వైఫైను దుర్వినియోగపరచి, నీటిపారుదల అధికారులపై ఆరోపణలతో పేరులేని ఆన్‌లైన్ అర్జీ పంపినట్లు మీ ఫోన్ నంబరు ద్వారా తెలియవచ్చినందున, మీ కాంట్రాక్టును ఎందుకు రద్దు చేయరాదో సోమవారం పదకొండు గంటలకు జరుగు విచారణలో తెలుపవలెను.’

వెనక వైఫై పట్టీ కాగితం ఒకటి. అందులో ఒకే వరుస: తారీఖు, సాయంత్రం నాలుగూ పది, ఆవిడ ఫోన్ నంబరు. దాని వెనక అర్జీ నకలు. మొదటి వాక్యం చూడగానే కనకలక్ష్మి కుర్చీ లాక్కుని కూర్చుంది. ‘అయ్యా ఉప్పులంక శివారు తూముకు కొత్త షట్టరు పెట్టామని రాసుకున్నారు కొత్త షట్టరు పెట్టలేదయ్యా’ కామా లేదు, ఫుల్‌స్టాపు లేదు. ఎవరో ఊపిరి పీల్చుకోకుండా మాట్లాడినట్టుంది.

ఎవరో ఏమిటి, ఏసుపాదమే. పదిరోజుల కిందట వచ్చాడు. ఉప్పులంకలో కౌలుకు చేస్తాడు. అంకెలు తీసుకుని, బల్ల దగ్గర కూర్చుని ఫోనుతో గట్టిగా మాట్లాడసాగాడు. టైపు చెయ్యడం రాదు, మాట్లాడితే ఫోనే రాసుకుంటుంది. “పెద్దాయనా, ఇక్కడ పిల్లలు చదువుకుంటున్నారు, వరండాలోకెళ్లి మాట్లాడుకోండి” అని ఆవిడే బయటికి పంపింది. కాసేపటికి తలుపు దగ్గర నిలబడి, “అమ్మా, ఇందులో షట్టరు అన్న మాట సరిగ్గా పడిందేమో సూడండి” అన్నాడు. చూసి, ‘చట్టరు’ అని పడితే దిద్దిపెట్టింది. మిగతాది చదవలేదు. ఒకరి అర్జీ మనమెందుకు చదవాలని అనుకుంది.

ఇప్పుడు మొత్తం చదివింది. రెండుసార్లు చదివింది.

*

“ఇందులో అంత ఆలోచించడానికేముంది?” అన్నాడు కనకలక్ష్మి భర్త రామకోటేశ్వరరావు ఆ సాయంత్రం, కాగితాలు తిరగేస్తూ. ఆయన గుమాస్తాగా చేసిన రైసుమిల్లు నిరుడు మూతపడింది. ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది కనకలక్ష్మి ఉద్యోగం మీదే. “రాసింది ఫలానా ఏసుపాదం అని చెప్పెయ్. నీ గొడవ వదిలిపోతుంది.”

“అతను చేసే పొలం ఎవరిదో తెలుసుగదండీ మీకు?”

తెలుసు. షట్టరు పని చేసిన కాంట్రాక్టరుకు ఆ పొలం ఆసామి సొంత బావమరిది. కౌలుకు కాగితం ఉండదు, నోటిమాటే. ఏసుపాదం పేరు బయటికొచ్చిన మర్నాడు ఆ మాట వెనక్కి పోతుంది.

“అతని పొలం పోతుందని నీ ఉద్యోగం పోగొట్టుకుంటావా? నువ్వు చేసిన తప్పేమిటి, నాలుగంకెలు చెప్పడం. అతను చేసింది వేరు.”

“అతను మాత్రం ఏం తప్పు చేశాడండీ?”

“అర్జీలో రాసింది నిజమని నీకెవరు చెప్పారు? కోపంలో మనుషులు ఏమైనా అంటారు.”

ఆ మాటే తలుచుకుంటూ కనకలక్ష్మి లేచింది. అన్నం వడ్డించింది, తనూ తింది, గిన్నెలు సర్దింది. ఉద్యోగం పోతుందన్న భయం పట్టుకుంది. ఏసుపాదం మీద కోపం కూడా వచ్చింది. అతని మీద కోపం వచ్చినందుకు తన మీద తనకు ఇంకాస్త కోపం వచ్చింది. శనివారమంతా ఎవరు నంబరు కొట్టినా ఫోను ముట్టుకోలేదు. “వైఫై పాడైంది” అని చెప్పి పంపేసింది. అబద్ధం చెప్పడం అలవాటు లేక ప్రతిసారీ ముఖం పక్కకు తిప్పుకుంది.

ఆదివారం పొద్దున్నే ఆటో ఎక్కి ఉప్పులంక వెళ్లింది.

ఏసుపాదం నారుమడి గట్టు మీద దొరికాడు. ఆవిణ్ణి చూడగానే తలకు చుట్టిన తువ్వాలు విప్పి చేతిలోకి తీసుకున్నాడు. జిల్లా ఆఫీసు మెమో సంగతి ఆవిడ చెప్పింది.

“నా పేరు సెప్పెయ్యండమ్మా,” అన్నాడు. “నా మూలాన మీ నౌకరీ పోగూడదు. మీ నెంబరు మీద రాత్తే మీ మీదికొత్తదని నాకు తెలవదమ్మా. తెలిత్తే రాసేవోణ్ణి గాదు.”

“పేరు సంగతి తరవాత. ముందు ఆ తూము చూపించండి.”

కాలవగట్టు మీద ఇద్దరూ నడిచారు. అతను ముందు, ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని వెనక. కాలవలో నీళ్లు వదిలి వారమైనా శివారుకొచ్చేసరికి మోకాలి లోతు కూడా లేవు. తూము మాత్రం దూరం నుంచే మెరిసిపోతూ కనిపించింది. మంచి ఆకుపచ్చ రంగు. పక్కన సిమెంటు దిమ్మ మీద తెల్లక్షరాలతో ‘నూతన షట్టరు’ అని రాసి, కింద సంవత్సరం కూడా వేశారు.

“తిప్పండమ్మా,” అన్నాడు ఏసుపాదం చక్రం చూపిస్తూ.

“నేనా?”

“సిన్నపిల్లలు తిప్పినా తిరుగుద్ది.”

కనకలక్ష్మి రెండు చేతులతో చక్రం పట్టుకుంది. నిజమే, వేలితో తిప్పినా తిరిగేలా ఉంది. ఒక చుట్టు, రెండు చుట్లు, పది చుట్లు తిప్పింది. కింద పలక అంగుళం కూడా కదల్లేదు. మరలో పళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. గోటితో రంగు గీకితే పొర ఊడివచ్చి, దాని వెనక తుప్పు రాలింది. పలక అడుగున బెత్తెడు సందు. ఆ సందులో గోనెసంచులూ వరిగడ్డీ కుక్కి ఉన్నాయి. అయినా నీళ్లు వాటి మధ్య నుంచి ధారగా మురుక్కాలవలోకి పోతున్నాయి. పంట బోదెలోకి వెళ్లాల్సిన నీళ్లవి.

“ఈ సంచులు ఎవరు పెట్టారు?”

“మేవేనమ్మా. రోజూ పొద్దున ఒకళ్లం దిగి సర్దుతాం. సాయంత్రానికి కొట్టుకుపోతాయి.”

అవతల నారుమడులు కొసలు పసుపుబారి, నడుమ నేల నెర్రెలిచ్చి ఉన్నాయి. ఇంకో వారం ఇలాగే ఉంటే నాట్లుండవని అతను చెప్పక్కర్లేదు. తుప్పు అంటిన చేతుల్ని కాలవలో కడుక్కుంది కనకలక్ష్మి. వట్టినే వచ్చి చూసి పోదామనుకుంది గాని, చూశాక చూడనట్టుండటం ఇంత కష్టమని అనుకోలేదు.

*

సోమవారం పదకొండున్నరకు జిల్లా ఆఫీసు సూపరింటెండెంటు అనంతకృష్ణ గారు కారు దిగారు. నెమ్మదైన మనిషి. రిటైర్మెంటుకు ఏడాది ఉంది, ఆ ఏడాదీ ఏ గొడవా లేకుండా గడవాలని ఆయన ముఖంలోనే రాసి ఉంది. ఆయన వెంట వైఫై నడిపే కంపెనీ తరఫున విజయవాడ భవానీపురం నుంచి లక్ష్మీకాంత్ అనే టెక్నీషియను వచ్చాడు. అనంతకృష్ణ గారు పెద్దబల్ల దగ్గర కూర్చుని, ఫైలు విప్పి, మంచినీళ్లు తాగి, “చూడమ్మా, ఈ నంబరు మీదేనా?” అని అడిగారు.

“నాదేనండీ.”

“అర్జీ మీరే పంపారా?”

“నేను పంపలేదండీ.”

“మరి నంబరు మీదే అంటున్నారు!”

లక్ష్మీకాంత్ లాప్‌టాపు ఆయన వైపు తిప్పాడు. “సార్, ఒక్కసారి ఇది చూడండి. మీకొచ్చిన కాగితంలో ఒక్క వరుసే ఉంది. ఆ రోజు మొత్తం పట్టీ ఇది. ఈవిడ నంబరు ఎన్నిసార్లుందో లెక్కపెట్టండి.”

ఆయన కళ్లజోడు సర్దుకుని, తెర మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టారు. పదిహేడు.

“పదిహేడు ఫోన్లు సార్, పదిహేడూ వేరువేరు. ప్రతి ఫోనూ వైఫైకి గుర్తొకటి ఇస్తుంది, ఈ పక్క గడిలో ఉన్నది అదే. నాలుగూ పదికైతే ఐదు ఫోన్లు ఒకేసారి లోపలున్నాయి. ఐదింటికీ ఇదే నంబరు. మా సర్వరు చేసే పనల్లా ఒక్కటే సార్. నంబరుకు అంకెలు పంపుతుంది, అవే అంకెలు తిరిగొస్తే తలుపు తీస్తుంది. ఆ అంకెలు కొట్టింది నంబరు గలావిడా, పక్కింటివాళ్లా అన్నది దానికి తెలీదు.”

“పోనీ ఆ ఐదు ఫోన్లూ ఎవరివో పట్టుకోలేరా?”

“ఇప్పుడొచ్చే ఫోన్లు బయట వైఫైకి తమ అసలైన గుర్తు ఇవ్వవు సార్. ఒక్కో వైఫైకి ఒక్కో మారుగుర్తు కల్పించి ఇస్తాయి. ఇది పట్టుకుని ఎవరి దగ్గరికీ పోలేం.”

“అయితే ఈవిడే పంపిందని రుజువు లేదంటావు.”

“ఎవరు పంపారన్నదానికీ లేదు సార్.”

అనంతకృష్ణ గారి ముఖం వికసించింది. కుర్చీలో వెనక్కి వాలారు. “రక్షించావయ్యా! అమ్మా, ఓటీపీలు చెప్పడం మాత్రం తప్పే. ఇకమీదట చెప్పనని ఒక కాగితం రాసివ్వండి, హెచ్చరికతో సరిపెట్టేస్తాను. మీ ఉద్యోగానికి ఢోకా లేదు. ఆ రోజు వచ్చినవాళ్లెవరో మీకు తెలుసా అని నేను అడగలేదు, మీరూ చెప్పలేదు. సరేనా?”

కనకలక్ష్మికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మూడు రోజులుగా పట్టుకున్న భయం వదిలింది. చేతులు జోడించి, “చల్లగా ఉండండి బాబూ,” అంది లక్ష్మీకాంత్‌తో. అతను సిగ్గుపడి లాప్‌టాపు మూసేశాడు.

అనంతకృష్ణ గారు ఫైల్లో రాయడం మొదలుపెట్టారు. రాసేటప్పుడు పైకి చదవడం ఆయనకు అలవాటు. “అర్జీదారు ఎవరో తేలనందున... దీనిని ఆకాశరామన్న అర్జీగా పరిగణించి... మూసివేయవచ్చును.”

“మూసేయడమంటే ఏంటండీ?”

“అంటే అయిపోయిందమ్మా. అధికారుల మీద ఆకాశరామన్న అర్జీ వస్తే విచారణ చెయ్యనక్కర్లేదని మాకు సర్క్యులరుంది. నేను ఈ ముక్క రాసి పంపితే ఇంజనీర్లూ ఫైలు మూసేస్తారు.”

“అందులో రాసింది నిజమైతేనో?”

“నిజమో అబద్ధమో తేల్చాలంటే ముందు రాసిన మనిషంటూ ఉండాలిగదమ్మా. మనిషి లేనిది ఎవర్ని పిలిచి అడుగుతారు?”

ఆయన మాటలో ఎకసెక్కం లేదు. రూలు ఎలా ఉందో అలా చెప్పారు. కనకలక్ష్మి ఆ అర్జీ నకలు వంక చూసింది. కింద సంతకం ఉండాల్సిన చోట తెల్లగా ఉంది. ఈ వేళప్పుడు ఉప్పులంకలో ఎవరో ఒకరు నీళ్లలోకి దిగి సంచులు సర్దుతూ ఉంటారు.

“ఆ కాగితం ఒకసారి ఇవ్వండి,” అంది.

“ఓటీపీలు చెప్పనని రాసేది వేరే కాగితం మీదమ్మా.”

“అదీ రాసిస్తానండీ. ముందు ఇదివ్వండి.”

అర్జీ నకలు బల్ల మీద పెట్టుకుని, నిలబడే రాసింది. పుస్తకాల అట్టల మీద పేర్లు రాసి రాసి కుదురుగా అయిన దస్తూరీ. నాలుగు వాక్యాలు రాయడానికి అయిదు నిమిషాలు పట్టింది. అనంతకృష్ణ గారు కాగితం తనవైపు తిప్పుకుని, అలవాటు చొప్పున పైకే చదివారు.

“పై అర్జీ ఆ రోజు రాసింది నేను కాదు. నిన్న ఆదివారం ఉప్పులంక వెళ్లి తూము చూశాను, చక్రం నా చేత్తో తిప్పాను, షట్టరు కదల్లేదు. ఇందులో రాసినది నిజం. కనుక ఈ రోజు నుంచి ఈ అర్జీ నాది.”

చదవడం పూర్తిచేసి తలెత్తారు. లక్ష్మీకాంత్ బ్యాగు జిప్పు సగం లాగి ఆగిపోయాడు.

“అమ్మా,” అన్నారు అనంతకృష్ణ గారు గొంతు తగ్గించి. “ఇందాకే బయటపడ్డారు. వచ్చే నెల మీ కాంట్రాక్టు మళ్లీ రాయాలి. ఆ కమిటీలో ఎవరెవరుంటారో మీకు తెలీదు, నాకు తెలుసు. పక్క శాఖ మీద అర్జీ పెట్టిన అటెండరంటే రేపు నేనడ్డు పడినా ఆగదు.”

“తెలుసండీ.”

“మీ ఇంట్లో చెప్పారా?”

“లేదండీ. ఇంటికెళ్లాక చెప్పాలి. అది దీనికంటే కష్టం.”

ఆయనకు నవ్వొచ్చింది గాని నవ్వలేదు. “నేనీ కాగితం చూడలేదనుకుంటాను. తీసుకెళ్లి చింపెయ్యండి,” అంటూ దాన్ని బల్ల మీద ఆవిడ వైపు జరిపారు.

కనకలక్ష్మి దాన్ని ముట్టుకోలేదు. భయం లేక కాదు. చీర కొంగును గుప్పిట్లో పట్టుకుంది. “మీరు చదివారండీ,” అంది. “ఈ అబ్బాయి కూడా విన్నాడు. రాసిన మనిషి కావాలన్నారుగదా. ఉన్నానండీ.”

అనంతకృష్ణ గారు కాగితం వెనక్కి తీసుకుని ఫైల్లో పెట్టారు. అంతకుముందు తను రాసిన నోటు ముందుకు లాక్కుని, ‘ఆకాశరామన్న’ అన్న మాట మీద అడ్డంగా గీత కొట్టారు. ఇంకు ఆరేదాకా ఆగి, పక్కనున్న ఖాళీలో కలం ఆనించారు.

“ఇంటిపేరు?”

“అడుసుమిల్లి,” అంది కనకలక్ష్మి. “అడుసుమిల్లి కనకలక్ష్మి. రాసుకోండి.”